నా చేతికున్న ఇండియా టైము

మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో దీవెన అని ఒక నర్సమ్మాయి ఉంది. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. వచ్చే వారం యుద్ధం జరుగుతున్న చోటికి వైద్యసేవకు వెళ్తోంది, నెలన్నర పాటు. మొన్న శుక్రవారం ఆరాధన అయ్యాక బహ్రెయిన్‌లో జింజ్ అనే పేటలో ఉన్న మా ఫ్లాటుకి వచ్చి, నోటుబుక్కు తెరుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఆంటీ, మీరు నాలుగుసార్లు వెళ్లొచ్చారు కదా. నాకు పనికొచ్చేవి చెప్పండి, రాసుకుంటాను" అంది.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ధైర్యం, త్యాగం, సేవాభావం అంటూ ఓ పావుగంట దంచాను. పాపం ఆ పిల్ల వినయంగా అన్నీ రాసుకుంది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న మా ఆయన దేవసహాయం తల బయటపెట్టి, "ఏమే ఎస్తేరూ, ఆ సోదంతా ఎందుకు? దర్జీ కాలు సంగతి చెప్పు" అన్నారు.

నేను వినపడనట్టు నటించి, "టీ తాగుతావా అమ్మాయ్" అన్నాను. టీ తాగింది, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. తలుపు వేసుకున్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పిల్లకు పనికొచ్చే సంగతి నా దగ్గర ఒక్కటే ఉంది, దాన్నే దాచాను. నా పొరపాటు వల్ల ఒక మనిషి కాలు పోబోయింది. ఆ సంగతి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఎదురుగా మనిషి లేకపోతే నాకు నిజం చెప్పడం కాస్త సులువు.

బఫే కోసం పెట్టిన సంతకం

ముందు నా గొప్ప కొంచెం తగ్గించుకోవాలి. ఫెలోషిప్‌లో నన్ను పరిచయం చేసేవాళ్లు "యుద్ధభూమిలో సేవ చేసిన మన సిస్టర్" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. నిజానికి అక్కడ నేను తూటా గాయాల కంటే గజ్జి ఎక్కువ చూశాను. విరేచనాలు, దగ్గు, బీపీ మాత్రలు అయిపోయిన ముసలాళ్లు, పేలు పట్టిన పిల్లల తలలు. యుద్ధంలో జనం ఎక్కువగా ఇలాంటి మామూలు రోగాలతోనే బాధపడతారు. ఆ సంగతి ఎవరూ సభల్లో చెప్పరు.

నా ఊరు పాలకొల్లు దగ్గర. బహ్రెయిన్ వచ్చి ముప్పై మూడేళ్లయింది. అవాలి వైపు ఒక కంపెనీ క్లినిక్‌లో పనిచేసి పోయిన ఏడు రిటైరయ్యాను. మా ఆయన ఏసీ మెకానిక్. క్లినిక్‌లో నా పని ఏమిటంటే ఎండదెబ్బ తిన్నవాళ్లకు సెలైన్ పెట్టడం, తెగిన వేళ్లకు కుట్లు వేయడం, వంద డిగ్రీల జ్వరంతో వచ్చి "ఏం లేదు మేడం, బాగనే ఉన్న, డ్యూటీకి పంపుండ్రి" అనే మనవాళ్లను కసిరి పడుకోబెట్టడం.

అలాంటిదాన్ని యుద్ధానికి ఎలా వెళ్లానంటే, బఫే కోసం. క్లినిక్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. అత్యవసర వైద్యంలో మూడు రోజుల శిక్షణ, పెద్ద హోటల్లో, మధ్యాహ్న భోజనంతో సహా. కింద చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి గానీ నా కళ్లజోడు బ్యాగులో ఉంది. సంతకం పెట్టేశాను. మూడు రోజులూ శిక్షణ బాగా జరిగింది, చేపలు ఇంకా బాగున్నాయి. మూడో రోజు సాయంత్రం ఒకాయన వచ్చి, ఏ నెలలో బయల్దేరగలరో రాయండని అందరికీ ఫారాలు పంచాడు. అప్పుడు కళ్లజోడు పెట్టుకుని చదివితే, అది యుద్ధం జరిగే చోట్లకు స్వచ్ఛందంగా వెళ్లేవాళ్ల కోసం పెట్టిన శిక్షణ.

అక్కడే లేచి వచ్చేసేదాన్నే. కానీ నేను ఇంటికి తెచ్చిన శిక్షణ కాగితాలు చూసి, అంతకుముందే మా ఆయన పాస్టరయ్యగారితో, "మా ఆవిడ ఏదో యుద్ధం ట్రైనింగుకి వెళ్తోందండీ" అని నోరు జారారు. పాస్టరయ్యగారు శుక్రవారం నన్ను ముందుకు పిలిచి, పెద్దలందరి చేతులూ నా తల మీద పెట్టించి, పది నిమిషాలు కన్నీళ్లతో ప్రార్థన చేశారు. అన్ని చేతులు తల మీద పెట్టించుకున్నాక, "అయ్యగారూ, నేను భోజనానికి వెళ్లానండీ" అని ఎలా చెప్పను? ఆ ఏటి సెలవు అటే పోయింది.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట" అన్నారు మా ఆయన, విమానాశ్రయంలో. అలా అని కళ్లు తుడుచుకున్నారు కూడా.

మీలో ఎవరైనా గొప్ప ఆశయంతో వెళ్తుంటే సంతోషం. లేకపోయినా బెంగపడొద్దు. గాయానికి కట్టు కట్టేటప్పుడు ఎందుకొచ్చావని ఎవరూ అడగరు.

నర్సయ్య కట్టిన పెట్టె

ఎక్కడికి వెళ్లానో దేశం పేరు రాయను. అక్కడ ఇంకా పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. దాని గడియారమూ బహ్రెయిన్ గడియారమూ ఒకటే అని మాత్రం చెప్తాను, ఎందుకంటే నా కథంతా అక్కడే ఉంది.

రెండోసారి వెళ్లేటప్పుడు మందుల పెట్టె ఒకటి వెంట తీసుకెళ్లమన్నారు. నేను మహా శ్రద్ధగా సర్దాను. మాత్రలన్నీ పేర్ల వరుసలో, సిరంజిలు సైజుల వరుసలో, అలమరాలో పెట్టినట్టు. తాళ్లతో గట్టిగా కట్టడానికి నయీమ్ పేటలో ఉండే నర్సయ్యను పిలిచాను. జగిత్యాల దిక్కు మనిషి, కట్టడాల్లో మేస్త్రీ. సెలవు రోజున మనవాళ్లు ఇళ్లకు పంపే కార్గో పెట్టెలు కట్టిపెడతాడు. ఒకప్పుడు జ్వరం దాచుకుని నా చేత చీవాట్లు తిన్నవాడే.

పెట్టె మూత తీసి చూసి నర్సయ్య నవ్వాడు. "గిదేంది మేడం, గిట్ల సదుర్తరా? ఆడికి పోంగనే ముందుగాల ఏం గావాలె మీకు?"

"రక్తం ఆపే పట్టీలు."

"మరి గవి అడుగున ఎందుకున్నయి?"

వరుసలో అలా వచ్చాయని గొణిగాను.

"నేను ఇంటికి పంపే పెట్టెల పైన ఏం పెడ్త ఎరికేనా? పిల్లల చాక్లెట్లు. మూత తియ్యంగనే చేతికి రావాలె. సబ్బులు, దుప్పట్లు తర్వాత. పెట్టె కట్టెటోని సులువు గాదు మేడం, ఇప్పెటోని సులువు జూడాలె" అని, నేను మూడు గంటలు సర్దింది మొత్తం కింద గుమ్మరించి, అరగంటలో మళ్లీ సర్దాడు. నర్సింగ్ కాలేజీలో నాకు ఎవరూ చెప్పని పాఠం అది.

తాడు ముడి వేస్తూ చేతి గడియారం చూసుకున్నాడు. "మా పొల్ల బడి ఇడ్సే యాల్ల అయితంది" అన్నాడు.

"నీదీ ఇండియా టైమేనా నర్సయ్యా?"

"దుబాయిల మనిషి కంపెనోనిది మేడం. గడియారమన్న ఇంటిది ఉండనీ" అన్నాడు.

ఉన్నది బహ్రెయిన్‌లోనైనా వాళ్లకు గల్ఫంతా దుబాయే. ఇక్కడ మనవాళ్లలో చాలామంది చేతి గడియారం ఇండియా టైముకే ఉంటుంది. ఇక్కడి టైము చూపించడానికి ఫోను ఉంది, క్యాంపు గోడ ఉంది, అరిచే సూపర్‌వైజరు ఉన్నాడు. చేతిది మాత్రం ఇంటిది.

నాదీ అంతే. మా పాప బ్లెస్సీని రెండేళ్ల వయసులో బస్టాండులో మా చెల్లెలి చేతికిచ్చి ఈ దేశం వచ్చాను. వచ్చిన మొదటి వారం గడియారం మార్చబోయి మార్చలేకపోయాను. ఇప్పుడు లేచుంటుంది, ఇప్పుడు స్నానం చేయిస్తూ ఉంటుంది, ఇప్పుడు లంచ్ బెల్లు కొట్టుంటారు. రోగికి ఇంజెక్షన్ ఇస్తూ కూడా మనసులో అదే నడిచేది. బహ్రెయిన్ టైముకి రెండున్నర గంటలు కలుపుకుంటే ఇండియా, తీసేస్తే డ్యూటీ. ఆ లెక్క నిద్రలో కూడా చేయగలనని నాకు గర్వంగా ఉండేది. బ్లెస్సీ పెద్దదైంది, చదువుకుంది, కాకినాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది, పెళ్లయింది. నా గడియారానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

డాక్టర్ నాదిర్

అక్కడ మా బాసు డాక్టర్ నాదిర్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలని కళ్లతో ఉండేవాడు. మంచి డాక్టరు. మంచి బాసు అని మాత్రం చెప్పను. థాంక్స్ అనే మాట ఆయన నోటి నుంచి వినలేదు. తిట్లు మాత్రం మూడు భాషల్లో విన్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాంలు మూడు జతలు పట్టుకెళ్లాను. ఆయన ఎగాదిగా చూసి, "సిస్టర్, పెళ్లి ఎవరిది?" అన్నాడు. అరగంటలో ఆ యూనిఫాం ఏమైందో చెప్పక్కర్లేదు. అదే రోజు గాయపడినవాళ్లను ఏడుగురిని ఒకేసారి తెచ్చారు. ఒకడు చేయి పట్టుకుని ఆకాశం దద్దరిల్లేలా అరుస్తున్నాడు. నేను పరుగున వాడి దగ్గరికి పోయాను. నాదిర్ నా భుజం పట్టుకుని లాగాడు.

"అరుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోందని అర్థం. నోరు మూసుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లు."

మూలన ఒక నడివయసామె గోడకి ఆనుకుని మౌనంగా కూర్చుంది. పొట్టలో రక్తం పోతోంది. సమయానికి చూశాం కాబట్టి దక్కింది. నొప్పి దాచుకుని "బాగనే ఉన్న" అనేవాళ్లను ముప్పై ఏళ్లుగా చూసిన నాకు ఆ మాత్రం తట్టకపోవడం ఏమిటో! చదువుకున్న బుద్ధి కంగారులో ముందుగా పారిపోతుంది. చేతికి అలవాటైన పని ఒక్కటే మిగులుతుంది. అందుకే అలవాట్లను అక్కడికి వెళ్లకముందే పరీక్షించుకోవాలి. నేను పరీక్షించుకోలేదు.

మొదటిసారి భయంతో వెళ్లాను కాబట్టి ప్రతిదీ రెండుసార్లు అడిగి చేశాను. పెద్ద తప్పులు జరగలేదు. రెండోసారి అన్నీ వచ్చనుకుని వెళ్లాను.

దర్జీ ముస్తఫా

మా వైద్యశిబిరం ఒక పాత బడిలో ఉండేది. ఎదురు సందులో ముస్తఫా అనే దర్జీ దుకాణం. నలభై ఏళ్లుంటాయి. ఊళ్లో కరెంటు లేదు కాబట్టి మోటారు మిషన్లన్నీ మూలపడ్డాయి. కాలితో తొక్కే పాత మిషను ఆయనదొక్కటే నడిచేది. ఊరంతటికీ ఆయనే కుట్టేవాడు. దుప్పట్లు చింపి పిల్లలకు చొక్కాలు, గుడారాలకు అతుకులు, మాకు స్ట్రెచర్ గుడ్డలు. నా యూనిఫాం జేబు చిరిగితే కుట్టిచ్చి, తెల్లబట్టను వేలితో చూపించి కడుపుబ్బ నవ్వాడు. అప్పటినుంచి నన్ను చూస్తే "హిందియా!" అని పిలిచేవాడు, ఇండియా ఆవిడ అని.

ఒక రాత్రంతా ఊరి మీద గుండ్లు పడ్డాయి. తెల్లవారాక కూడా కూలిన ఇళ్ల కింద నుంచి మనుషుల్ని తీస్తూనే ఉన్నారు. అంతా సద్దుమణిగిందనుకున్నాక, పొద్దున మరొక గుండు ముస్తఫా దుకాణం పక్కన పడింది. ఇద్దరు ఆయన్ని మోసుకొచ్చారు. కుడి మోకాలి కింద ఇనపముక్క దిగి రక్తం ధారగా కారిపోతోంది.

రక్తం ఆపడానికి గాయానికి పైన బిగించి కట్టే పట్టీని టోర్నికే అంటారు. నర్సయ్య పుణ్యమా అని పెట్టె మూత తీయగానే చేతికొచ్చింది. కట్టాను, బిగించాను, రక్తం ఆగింది. ముస్తఫా నా చేయి పట్టుకుని, "హిందియా, కాలు తీయనివ్వకు. మిషను తొక్కాలి" అన్నాడు. నాకొచ్చిన కొద్దిపాటి అరబ్బీలో ఆ మాట బాగా అర్థమైంది. బాగున్న ఎడమ పాదం నేల మీద టపటపా ఆడిస్తూనే ఉన్నాడు, మిషను తొక్కుతున్నట్టు.

"తీయరు, తీయనివ్వను" అన్నాను. ఎంత ధీమా!

టోర్నికే కడితే ఏ టైముకు కట్టామో రోగి నుదుటి మీద రాయాలి. కాగితాలు పోతాయి, తడుస్తాయి, నుదురు ఎక్కడికీ పోదు. రెండు గంటల లోపు విప్పగలిగితే కాలు దక్కుతుంది. ఆరు గంటలు దాటితే ఆ కాలు చచ్చినట్టే, విప్పితే ప్రాణానికే ముప్పు. అప్పుడు కోసేయడం తప్ప దారి లేదు. పెద్దాసుపత్రిలో సర్జన్ చూసేది ఆ అంకెనే.

నేను నల్ల మార్కరు తీసి, గడియారం చూసి, అందమైన అక్షరాలతో రాశాను. 12:20. నొప్పి తెలియకుండా మత్తు ఇంజెక్షన్ ఇచ్చాను. అంబులెన్స్ ఎక్కించాను. డ్రైవరు వేరే శిబిరం మనిషి, ఎప్పుడేం జరిగిందో అతనికి తెలియదు. పెద్దాసుపత్రి అక్కడికి ముప్పావుగంట.

చేతులు కడుక్కుని, ఎవరో ఇచ్చిన టీ తీసుకుని బడి మెట్ల మీద కూర్చున్నాను. అలవాటుగా గడియారం చూశాను. పన్నెండు యాభై అయిదు. ఇంకో అయిదు నిమిషాల్లో బ్లెస్సీకి లంచ్ అవర్ అనుకున్నాను.

అనుకుని తలెత్తితే ఎదురుగా బడి గోడ మీద గడియారం. పది ఇరవై అయిదు.

టీ ఒలికి కాలి మీద పడినా తెలియలేదు. నేను కట్టింది తొమ్మిది యాభైకి. రాసింది పన్నెండు ఇరవై. అక్కడ సర్జన్ పదకొండింటికి ఆ నుదురు చూస్తారు. మధ్యాహ్నం పన్నెండు అప్పటికి ఇంకా కాదు. మరి ఏ పన్నెండు ఇరవై? రాత్రిదే. రాత్రంతా జనాన్ని రాళ్ల కింద నుంచి తీస్తూనే ఉన్నారు కదా. దాదాపు పదకొండు గంటలు కట్టి ఉంచిన కాలు. ఎవరైనా కోసేస్తారు. నేనైనా కోయమనేదాన్ని.

మెట్ల మీద అయిదు నిమిషాలు

ఇప్పుడు రాయబోయేది మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు.

వెంటనే లేచి పరుగెత్తానని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే చెప్తూ వచ్చాను. లేవలేదు. అయిదు నిమిషాలు ఆ మెట్ల మీదే కూర్చున్నాను. వాళ్లే పోల్చుకుంటారులే, పెద్ద సర్జన్లు, కాలు చూస్తే తెలియదా అనుకున్నాను. నాదిర్‌కి చెప్తే రేపే ఇంటికి పంపిస్తాడు, ఫెలోషిప్‌లో ఏం ముఖం పెట్టుకుని నిలబడాలి అనుకున్నాను. తల మీద అన్ని చేతులు పెట్టించుకున్నదాన్ని! ఒక మనిషి కాలు ఒకవైపు, నా పరువు ఒకవైపు పెట్టుకుని అయిదు నిమిషాలు తూచాను. ఛీ, ఏం బతుకు!

లేపింది నా మంచితనమేమీ కాదు. సందులో ఎవరో ముస్తఫా మిషను మీద పడిన దుమ్ము గుడ్డతో దులుపుతున్నారు. సాయంత్రానికి వచ్చేస్తాడన్నట్టుగా. అది చూసి కూర్చోలేకపోయాను.

నాదిర్ ఒక పిల్లవాడి చేతికి కుట్లు వేస్తున్నాడు. వెనక నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన తల ఎత్తలేదు. వైర్‌లెస్ దగ్గర ఉన్నతన్ని పెద్దాసుపత్రికి కలపమన్నాడు. కలవలేదు. మళ్లీ ప్రయత్నించారు, గరగర తప్ప ఏమీ లేదు.

"నీళ్ల ట్యాంకరు అటే వెళ్తోంది. యల్లా, పద, ఎక్కు" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ట్యాంకరు డ్రైవరు ముసలాయన, మనిషి నిదానం, బండి ఇంకా నిదానం. దారిలో మూడు చెక్‌పోస్టులు. ప్రతిచోటా దింపి, కాగితాలు చూసి, మళ్లీ ఎక్కించారు. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. 'తొమ్మిది యాభై, తొమ్మిది యాభై' అని ఒక్కటే గొణుక్కుంటూ కూర్చున్నాను. ముసలాయన అదేదో మంత్రమనుకుని, వినయంగా రేడియో కట్టేశాడు.

నల్ల గీత

పెద్దాసుపత్రి చేరేసరికి పదకొండూ ముప్పై అయిదు. లోపలికి పరుగెత్తాను. నడవాలో స్ట్రెచర్ మీద ముస్తఫా. మత్తులోనే ఉన్నాడు. దుప్పటి పక్కకు తీసి ఉంది. తొడ మీద, మోకాలికి పైన, మార్కరుతో గీసిన నల్ల గీత. ఎక్కడ కోయాలో గుర్తు పెట్టుకున్నారు. ఆపరేషన్ బల్ల మీద అంతకుముందు వచ్చిన మనిషి ఇంకా ఉన్నాడు కాబట్టి ముస్తఫా వంతు రాలేదు. అంతే. నేను సమయానికి చేరానని ఎవరైనా మెచ్చుకుంటే నమ్మకండి.

సర్జన్ ఒక ఆవిడ, డాక్టర్ సమీరా. నా వయసే ఉంటుంది. చేతులు కడుక్కుని గదిలోంచి బయటికి వస్తోంది. నేను దారికి అడ్డం నిలబడి, వచ్చీరాని అరబ్బీ, ఇంగ్లీషు కలిపి, "తొమ్మిది యాభై! రాత్రిది కాదు! ఆ అంకె తప్పు, రాసింది నేను" అని అరిచాను. గొడవ విని ఇద్దరు వార్డు మనుషులు నన్ను బయటికి ఈడ్చేయడానికి వచ్చారు. ఆవిడ చేత్తో వాళ్లను ఆపింది.

"నీ గడియారం చూపించు."

చేయి చాపాను. రెండు దాటి ఆరు నిమిషాలు. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది. మళ్లీ నా చేతి వైపు చూసింది.

"ఎవరి టైము ఇది?"

"మా పాపది" అన్నాను. వేరే మాట రాలేదు.

"పాపకు ఎన్నేళ్లు?"

"ముప్పై ఒకటి."

ఆవిడ నవ్వలేదు. దూది తీసుకుని స్పిరిట్‌తో ముస్తఫా నుదుటి మీద అంకెను తుడిచి, 9:50 అని తన చేత్తో రాసింది. తర్వాత తొడ మీద గీత తుడిచింది. స్ట్రెచర్‌ను లోపలికి తోసుకుంటూ, "టైము ఇంకా ఉంది" అంది. నేను అక్కడే నేల మీద చతికిలబడి, నర్సుననే జ్ఞానం కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చాను.

కాలు దక్కింది. నరం అతికింది, ఎముక కాస్త వంకరగా అతికింది, కుంటు మిగిలింది.

తర్వాత

మూడో రోజున వెళ్లి ముస్తఫాకు నేనే చెప్పాను. ఎవరో చెప్పడం కంటే అది నయమనుకున్నాను. అంతా విన్నాడు. కాలి వైపు చూసుకున్నాడు. తొడ మీద ఆ గీత పూర్తిగా పోలేదు, లీలగా కనిపిస్తోంది. నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను వచ్చేశాను. తర్వాత నన్ను హిందియా అని పిలవలేదు. క్షమించాడో లేదో నాకు తెలియదు. తప్పు ఒప్పుకుంటే అవతలివాళ్లు చేతులు చాపి కౌగిలించుకుంటారని మీరు అనుకుంటే, ఆ ఆశ ఇక్కడే వదిలేసి వెళ్లండి. ఒప్పుకోవాల్సింది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

నాదిర్ నన్ను ఇంటికి పంపేస్తాడని పెట్టె సర్దుకుని కూర్చున్నాను. ఆయన వచ్చి, సర్దిన పెట్టె చూసి, "ఎక్కడికి? మధ్యాహ్నం డ్యూటీ నీదే" అన్నాడు. "డాక్టర్, నేను..." అని మొదలుపెట్టబోతే చేయి అడ్డం పెట్టాడు. "తప్పులు చేయని నర్సు నాకు ఇంతవరకు దొరకలేదు. చేసి దాచినవాళ్లు చాలామంది దొరికారు. వాళ్ల రోగులను నేనే పాతిపెట్టాను." అంతే, వెళ్లిపోయాడు. ఆయన నన్ను మెచ్చుకోవడానికి దగ్గరగా వచ్చింది ఆ ఒక్కసారే. మెట్ల మీద కూర్చున్న అయిదు నిమిషాల సంగతి ఆయనకూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే గడియారం అక్కడి టైముకు తిప్పాను. ముళ్లు వెనక్కి తిప్పుతుంటే బ్లెస్సీని మళ్లీ బస్టాండులో వదిలి వచ్చేసినట్టనిపించింది. పెళ్లయిన పిల్ల కోసం ఏడ్చాను, వెర్రిమాలోకాన్ని. తర్వాత మరో రెండుసార్లు వెళ్లాను. గడియారం మళ్లీ మార్చలేదు.

దీవెన చేతి గడియారం

ఇంతవరకు రాసి, నిన్న దీవెనను ఇంటికి పిలిచాను. ఈ కాగితాలు చేతిలో పెట్టి, ఎదురుగానే చదవమన్నాను. బఫే దగ్గర పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. అయిదు నిమిషాల దగ్గర తలెత్తి నన్ను చూసింది. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను. చదవడం పూర్తయ్యాక ఎడమ చేతిని చున్నీ కింద దాచుకుంది.

"చూపించు" అన్నాను.

"ఏం లేదు ఆంటీ."

"చూపించమన్నానా లేదా!"

చూపించింది. మా గోడ మీద సాయంత్రం నాలుగున్నర. ఆమె చేతి మీద ఏడు. దీవెనకు నాలుగేళ్ల కూతురు ఉంది, పేరు హనీ. గుడివాడలో అత్తగారి దగ్గర వదిలి వచ్చింది. వచ్చి ఎనిమిది నెలలే అయింది.

"ఇప్పుడు అన్నం తింటుంది ఆంటీ. ఫోనులో రెండు టైములూ ఉంటాయి కదా, చేతిది ఇలాగే ఉంచుకుంటాను. జాగ్రత్తగా చూసి రాస్తాను. ఒట్టు."

"చేతుల నిండా రక్తం ఉన్నప్పుడు ఫోను ఎవరు తీస్తారే? నేనూ జాగ్రత్త గల మనిషినే. తిప్పు."

గడియారం చేతికి తీసుకుంది. పక్కనున్న మర పైకి లాగింది. తిప్పలేకపోయింది. కళ్లల్లో నీళ్లు నిండి ముళ్లు కనిపించడం లేదు కాబోలు. నేను కోప్పడదామని నోరు తెరిచాను. కానీ ముప్పై ఏళ్లు తిప్పలేనిదాన్ని, కోప్పడే హక్కు నాకెక్కడిది?

నా గడియారం విప్పి బల్ల మీద పెట్టాను. మర లాగి, నెమ్మదిగా రెండున్నర గంటలు ముందుకు తిప్పాను. ఏడూ రెండు. మళ్లీ చేతికి పెట్టుకున్నాను.

"రిటైరైనదాన్ని. నా చేతి టైము చూసి ఎవరూ ఎవరి కాలూ కోయరు" అన్నాను. "నువ్వొచ్చేదాకా హనీ టైము నా దగ్గరుంటుంది. పొద్దున లేచిందా, బడికి వెళ్లిందా, అన్నం తిందా, రోజూ నేనే ఫోను చేసి కనుక్కుంటాను. మీ అత్తగారి నంబరు ఇటివ్వు. ఇక నీది తిప్పు."

దీవెన తిప్పింది.